చదివిందంతా ఎటు పోతోంది మాస్టారూ?

ఆకివీడు దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది ఈ ఉత్తరం. రాసినమ్మాయి భీమవరంలో బీఎస్సీ ఆక్వాకల్చర్ రెండో ఏడు చదువుతోంది. పేరు వెయ్యొద్దంది. నాలుగు పేజీల ఉత్తరం మొత్తం వెయ్యడానికి చోటు చాలదు కాబట్టి సారాంశం చెబుతాను.

ఇంటర్ దాకా తెలుగు మీడియం. మార్కులూ బాగానే వచ్చేవి. డిగ్రీలో చేరేసరికి పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మొదటి ఏడు ఎలాగో గట్టెక్కింది. ఈ సెమిస్టర్‌లో నీటి నాణ్యత పేపర్ ఇంటర్నల్‌లో 20కి 6 వచ్చాయి. "చదవక రాలేదంటే సరే అనుకోవచ్చు. రోజూ తెల్లారగట్ల నాలుగింటికి లేస్తాను. ఒక్కో చాప్టర్ నాలుగైదుసార్లు చదువుతాను. నా పుస్తకంలో రంగు పెన్ను తగలని లైను లేదు. రాత్రి చూసుకుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది. హాల్లో పేపర్ చేతికిచ్చాక చాప్టర్ పేరు తప్ప ఇంకేమీ గుర్తు రాదు" అని రాసింది. పక్కన కూర్చునే స్నేహితురాలు టెక్స్ట్‌బుక్ ముట్టుకోదట, బజార్లో దొరికే గైడు చూసుకుని 16 తెచ్చుకుందట. లెక్చరర్ని అడిగితే "పుస్తకం శ్రద్ధగా చదువమ్మా" అన్నారట. శ్రద్ధగా అంటే ఎలాగో ఆయన చెప్పలేదు, ఈ పిల్ల అడగలేదు.

నాన్న చెరువు లీజుకి తీసుకుని వనామీ రొయ్య వేస్తున్నారు. పోయిన పంట నష్టం. "పొద్దస్తమానం పుస్తకం పట్టుక్కూర్చుంటుంది, మార్కులు చూస్తే ఇలా. అబ్బని చదువుకి ఫీజులెందుకు" అని ఆయన అమ్మతో అంటుంటే చాటుగా వింది. మేనమామ సంబంధం ఒకటి తెచ్చారు. సెమిస్టర్ పరీక్షలు ఆరు వారాల్లో ఉన్నాయి. చివర్లో మూడు ప్రశ్నలు అడిగింది. నా బుర్రకి ఈ చదువు ఎక్కదా? టెక్స్ట్‌బుక్ వదిలేసి గైడ్లు పట్టుకోనా? ఇది మానేసి బీఏలో చేరితే నయమా?

అమ్మా,

నీ ఉత్తరం మూడో పేజీలో, చదువు గోల పక్కన పెట్టి ఇంటి సంగతులు చెబుతూ, ఇలా రాశావు: "మొన్న రెండ్రోజులు మబ్బు పట్టి ఎండే లేదు. రెండో రాత్రి నాన్న పడుకోలేదు, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆపకుండా తిప్పారు. తెల్లారగట్ల కరెంటు పోతే రొయ్యలు తేలిపోతాయని భయం." నీ సిలబస్‌లో కరిగిన ఆక్సిజన్ పాఠం ముప్పాతిక వంతు ఆ నాలుగు ముక్కల్లో ఉంది. ఎండ లేకపోతే భయం దేనికి, ఆ భయం రాత్రే ఎందుకు, అందులోనూ తెల్లవారే ముందే ఎందుకు. ఇవన్నీ నీకు తెలుసు. అదే సంగతి ఇంగ్లీషు పేపర్‌లో ఐదు మార్కులకి అడిగితే నీ కలం కదల్లేదు. కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు నువ్వే రాసి పంపావు, మళ్లీ నేను రాయక్కర్లేదు.

నీకున్నవి మూడు వేరు వేరు ఇబ్బందులు. చదివే తీరొకటి, భాషొకటి, ఉన్న టైము సరిపోకపోవడం ఇంకొకటి. మూడింటినీ ఒక మూటగట్టి దానికి 'నా బుర్ర' అని పేరు పెట్టుకున్నావు. మూట విప్పితే ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది, అన్నీ ఒకేసారి సర్దుకోవాలనీ లేదు.

చదివే తీరు దగ్గర మొదలుపెడదాం, పెద్ద చిల్లు అక్కడే ఉంది. రాత్రి అంతా వచ్చినట్టు ఉంటుందన్నావు చూడు, అందులో అబద్ధం లేదు. ఐదోసారి చదివేటప్పుడు ఒక లైను చదువుతుండగానే తరవాతి లైను ముందే తోస్తుంది. పసుపు రంగు పూసిన పేరా పేజీకి ఎడమ పక్క కింద ఉందని కూడా గుర్తుంటుంది. నీకు పరిచయమైంది పేజీ ముఖం. హాల్లో ఆ పేజీ ఎదురుగా ఉండదు. ప్రశ్న మాత్రమే ఉంటుంది, జవాబు లోపలినుంచి లాక్కోవాలి. లాక్కోవడం నువ్వు ఒక్కసారి కూడా సాధన చెయ్యలేదు. ఐదుసార్లూ లోపలికి వెయ్యడమే చేశావు.

ఇది నా సొంత సిద్ధాంతమేం కాదు. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ పిల్లలకి చిన్న చిన్న పాఠాలిచ్చారు. ఒక పాఠాన్ని రెండుసార్లు చదవమన్నారు. ఇంకో పాఠాన్ని ఒకసారి చదివించి, రెండోసారికి కాగితం తీసేసుకుని గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాలాగి పరీక్ష పెడితే రెండుసార్లు చదివిన పాఠమే బాగా వచ్చింది, 81 శాతం. చదివి రాసిన పాఠం 75. అదే వారం తరవాత పెడితే రెండుసార్లు చదివింది 42కి పడిపోయింది, చదివి రాసింది 56 దగ్గర నిలిచింది. నీ కథే ఇది. రాత్రి పడుకోబోయే ముందు నువ్వు పెట్టుకుంటున్నది ఐదు నిమిషాల పరీక్ష, కాలేజీ వాళ్లు పెట్టేది వారం తరవాతి పరీక్ష.

నాన్న మేత చల్లి ఊరుకోరు కదా. చెక్ ట్రే ఎత్తి, రొయ్య తిన్నదా, మిగిల్చిందా చూసుకుని తరవాతి మేత ఎంతెయ్యాలో తేల్చుకుంటారు. నువ్వు ఏడాదిన్నరగా మేత చల్లుతూనే ఉన్నావు, ట్రే ఎత్తి చూసింది లేదు.

మరి ఎలా చదవాలి? నీ దగ్గరున్న పాఠమే తీసుకుందాం. అందులో కరిగిన ఆక్సిజన్, అంటే డీవో గురించి రెండు మూడు పేజీలుంటాయి. మొత్తం చాప్టర్ పెట్టుకోవద్దు, ఆ ఒక్క ఉపశీర్షిక చాలు. చదవడం మొదలెట్టకముందే శీర్షికలు, బొమ్మలు, చివరి ప్రశ్నలు ఓ రెండు నిమిషాలు తిరగెయ్. తరవాత రఫ్ నోట్సులో నీ భాషలో ప్రశ్నలు రాసుకో. నువ్వే రాయగలవు: నీళ్లలోకి ఆక్సిజన్ ఎక్కణ్నుంచి వస్తుంది? ఎటు పోతుంది? ఏ వేళలో తక్కువుంటుంది? మబ్బు పడితే ఏమవుతుంది? తప్పులతో రాసినా ఫర్వాలేదు, పుస్తకంలో వాటికి జవాబు లేకపోయినా ఫర్వాలేదు. ప్రశ్న చేతిలో పెట్టుకుని చదివే పేజీ, ఊరికే చదివే పేజీ ఒకలా ఉండవు. కళ్లకి వెతకడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఇప్పుడు చదువు. పెన్సిల్ తప్ప ఇంకేదీ చేతిలో వద్దు. అర్థం కాని చోట పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి ముందుకెళ్లు. ఆ రెండు పేజీలూ అయ్యాక పుస్తకం మూసెయ్. వేలు పెట్టుకుని ఉంచడం కాదు, పూర్తిగా మూసి మంచం మీదకి విసిరెయ్. తెల్ల కాగితం మీద గుర్తున్నదంతా రాయి. గాలి నుంచి కొంత కలుస్తుంది. పగలు ఎండలో ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవుల కిరణజన్య సంయోగక్రియ వల్ల చాలా వస్తుంది. రాత్రి ఆ తయారీ ఆగిపోతుంది, పీల్చడం మాత్రం ఆగదు. రొయ్యా పీలుస్తుంది, ప్లాంక్టనూ పీలుస్తుంది, అడుగున మిగిలిపోయిన మేత, మడ్డి కుళ్లడానికీ ఖర్చవుతుంది. అందుకే తెల్లవారే ముందు అట్టడుగుకి చేరుతుంది. ఇంతవరకూ నీకు వస్తుంది, నాకు నమ్మకమే. వేడి పెరిగితే నీళ్లు పట్టుకోగల ఆక్సిజన్ తగ్గుతుందన్న ముక్క బహుశా జారిపోతుంది. మంచినీరు 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పట్టుకుంటుంది. ఉప్పు పెరిగితే ఇంకా తగ్గుతుంది. ఇవి చెరువు గట్టు మీద కూర్చుంటే తెలిసే సంగతులు కావు, పుస్తకమే చెప్పాలి.

ఆ తరవాత పుస్తకం తెరిచి సరిచూసుకో. వదిలేసినవి, తప్పు రాసినవి వేరే రంగు సిరాతో అదే కాగితం మీద చేర్చు. ఆ రంగు సిరా ఉన్న ముక్కలే నీకు రానివి, మళ్లీ చదవాల్సింది వాటినే. మిగతాదాన్ని ఆరోసారి చదివి పొద్దు వృథా చేసుకోకు. డీవో రోజంతా ఎలా లేచి పడుతుందో చూపించే బొమ్మ ఉంటే దాన్ని కాపీ చెయ్యకు. మూసేసి, అడ్డగీత మీద గంటలు రాసుకుని, గీత నువ్వే లాగు. శిఖరం మధ్యాహ్నం మూడు, నాలుగు ప్రాంతానికి పెట్టావా, పన్నెండింటికి పెట్టావా? పన్నెండింటికి పెట్టి ఉంటే, ఎండ తగ్గేదాకా ఆక్సిజన్ పోగవుతూనే ఉంటుందన్న సంగతి నీకింకా అందలేదన్నమాట. ఇలాంటి చిన్న తప్పు పది చదువులకన్నా ఎక్కువ నేర్పుతుంది.

ఇంకొక్క మెట్టు ఎక్కితే చదువు రుచి తెలుస్తుంది. డీవో పాఠం పక్కనే పీహెచ్ (నీళ్లలో ఆమ్లగుణం ఎక్కువో క్షారగుణం ఎక్కువో చెప్పే కొలత), దాని పక్కన అమ్మోనియా ఉంటాయి. మూడింటినీ మూడు వేరే పాఠాలుగా బట్టీ పట్టి ఉంటావు. పగలు ప్లాంక్టన్ కార్బన్ డయాక్సైడ్ వాడేసుకుంటుంది కాబట్టి సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్, వేడి పెరిగితే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పెరుగుతుంది. అంటే ఆక్సిజన్ గండం తెల్లవారుజామున, అమ్మోనియా గండం మధ్యాహ్నం దాటి సాయంత్రమయ్యే వేళ. రెండింటి వెనకా ఉన్నది ఒకటే ప్లాంక్టన్. ఇది నీకు నువ్వుగా కాగితం మీద కలుపుకున్నావంటే మూడు పాఠాలు ఒక పాఠమవుతాయి. 'దీనికీ ముందు చదివినదానికీ సంబంధమేంటి?' అని పాఠం చివర ఒక్కసారైనా అడుగు.

రంగు పెన్నుల సంగతి. 2013లో జాన్ డన్‌లాస్కీ, ఆయన సహచరులు పది రకాల చదువు పద్ధతుల మీద వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి తూకం వేశారు. రంగు పూయడం, మళ్లీ మళ్లీ చదవడం అడుగునపడ్డాయి. తనని తాను పరీక్షించుకోవడం, చదువుని రోజుల మధ్య పంచుకోవడం పైకొచ్చాయి. అయినా పెన్నులు పారెయ్యమని అనను. అన్ని లైన్లకీ పూస్తే ఏ లైనుకీ పూయనట్టే కదా. మూసి రాసిన తరవాత, నీకు జారిపోయిన వాక్యానికి మాత్రం పూసుకో.

చదువు మీద వచ్చే వీడియోల్లో నీకు ఎస్‌క్యూత్రీఆర్ అని ఒకటి తగులుతుంది. 1946లో ఫ్రాన్సిస్ రాబిన్సన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ పెట్టిన పేరు. తిరగెయ్యడం, ప్రశ్న వేసుకోవడం, చదవడం, అప్పజెప్పుకోవడం, మళ్లీ చూసుకోవడం, ఇవి ఐదు మెట్లు. పైన నేను చెప్పిందీ దాదాపు అదే బాటలో ఉంది. కానీ ఐదు మెట్లకీ ఐదు రంగుల పట్టికలు గీసుకుని అందులోనే మునిగిపోయినవాళ్లని చాలామందిని చూశాను. నన్నడిగితే ప్రాణమంతా ప్రశ్న వేసుకోవడంలో, మూసి అప్పజెప్పుకోవడంలో ఉంది. మిగతా మూడూ అటూ ఇటూ అయినా కొంప మునగదు.

ఇక భాష. రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. నీలా పల్లె నుంచి తెలుగు మీడియంలో వచ్చినవాళ్లు తరగతిలో ఇంకా ఉంటారు, ఎవరూ పైకి చెప్పుకోరు. నీకు రెండు మూడు దారులున్నాయి.

ముందు తెలుగులో అర్థం చేసుకుని తరవాత ఇంగ్లీషు పుస్తకానికి రావడం ఒకటి. కాలేజీ లైబ్రరీలో తెలుగు అకాడమీ వాళ్ల పాత డిగ్రీ జువాలజీ పుస్తకాలుంటే తెచ్చుకో. విషయం తొందరగా అందుతుంది. ఇబ్బందేంటంటే ఆ పుస్తకాల తెలుగు కూడా అంత తేలికేం కాదు, పైగా రెండు పుస్తకాలు చదవాలి. ఆరు వారాల్లో అన్ని పాఠాలకీ ఇలా చెయ్యలేవు, మరీ కొరుకుడుపడనివాటికి మాత్రం పనికొస్తుంది.

ఇంగ్లీషు పుస్తకమే పట్టుకుని, ప్రతి మాటకీ డిక్షనరీ చూడటం ఇంకోటి. ఇప్పుడు నువ్వు చేస్తున్నది ఇదే అనుకుంటున్నాను. గంటకి ఒక పేజీ కూడా కదలదు, పేజీ చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతాం.

నడుమ దారి ఒకటుంది. మొదటిసారి ఆగకుండా చదివి, తెలియని మాటల కింద పెన్సిల్ గీత పెట్టు. ఒకే మాట మూడుసార్లు తగిలితేనో, అది లేకుండా వాక్యం తలకిందులవుతుంటేనో అప్పుడు చూడు, మిగతావి వదిలెయ్. శాస్త్రం మాటలు నీకు అడ్డు కాదు, సాలినిటీ, అమ్మోనియా, ప్లాంక్టన్ మీ ఇంట్లో రోజూ వినపడేవే. నీ ఊరి పిల్లలు తడబడేది హవెవర్, వేరాజ్, అన్‌లెస్, డ్యూ టు లాంటి చిన్న ముక్కల దగ్గర. కారణం ఏదో ఫలితం ఏదో, ముందు చెప్పినదాన్ని కాదంటున్నారో ఔనంటున్నారో వాటిల్లోనే ఉంటుంది. అలాంటివి ఓ పాతిక ముప్పై ఉంటాయేమో, ఒక వారంలో పట్టెయ్యొచ్చు.

పుస్తకం మూశాక ముందు తెలుగులోనే చెప్పుకో, పైకే చెప్పుకో. ఆ తరవాత అదే సంగతి పొట్టి ఇంగ్లీషు వాక్యాల్లో రాయి. 'ఎట్ నైట్ దేర్ ఈజ్ నో ఫొటోసింథసిస్. ఆల్ ఆర్గానిజమ్స్ రెస్పైర్. సో డీవో ఫాల్స్.' పుస్తకంలో వాక్యంలా గంభీరంగా లేదని సిగ్గుపడకు. పేపర్ దిద్దేవాళ్లకి కావలసింది అందులో ఉంది. తెలుగులో చెప్పుకుని ఆగిపోతే హాల్లో చెయ్యి ఆడదు. తెలుగు వదిలేసి ఇంగ్లీషు వాక్యాలే వల్లెవేస్తే, ఒక్క మాట మర్చిపోగానే మొత్తం కూలిపోతుంది. రెండూ చెయ్యాల్సిందే, ఈ వరసలోనే చెయ్యాలి.

నీ స్నేహితురాలి దగ్గరికొద్దాం. ఆ పిల్ల నీకన్నా తెలివైనదనీ అనుకోకు, చవక దారి పట్టిందనీ అనుకోకు. గైడు అంటే ప్రశ్న, కింద జవాబు. ఆ పిల్ల ప్రశ్న చూసి, జవాబు మూసి, అప్పజెప్పుకుంటూ ఉండి ఉంటుంది. నేను పైన ఇంతసేపు చెప్పిందే తెలియకుండా చేస్తోంది. దాని ఫలితమే ఆ పదహారు. నువ్వు కూడా గైడుకి మారిపోవచ్చు, ఈ సెమిస్టర్ గట్టెక్కుతావు, కాదనను. రేపు పీజీ ఎంట్రెన్స్ రాస్తే అక్కడ ప్రశ్న మెలిపెట్టి అడుగుతారు, నాలుగు జవాబుల్లో ఒకటి ఏరుకోవాలి, గైడు జవాబు అక్కడ అక్కరకి రాదు. హేచరీలోనో ల్యాబులోనో ఉద్యోగానికి వెళ్తే, నీటి రిపోర్టు ముందు పెట్టి ఏం చేద్దామని అడుగుతారు. పోనీ గైడు వైపే చూడనని టెక్స్ట్‌బుక్కే పట్టుకుంటే, పరీక్షలో ఏది ఎంత అడుగుతారో తెలియక అన్నీ సమానంగా చదువుతూ కూర్చుంటావు. నేనైతే గైడులో ప్రశ్నలు తీసుకుంటాను, జవాబులు తీసుకోను. ఆ ప్రశ్నలు రఫ్ నోట్సులో రాసుకుని, వాటితో టెక్స్ట్‌బుక్‌లోకి వెళ్తాను. ఆ అమ్మాయికి అభ్యంతరం లేకపోతే వారానికి రెండు రోజులు లంచ్ టైములో ఒకరినొకరు అడుక్కోండి. గైడులో లేని 'ఎందుకు' నువ్వు చెబుతావు, నీకు కుదరని మార్కుల లెక్క తను చెబుతుంది.

టైము మాటకొస్తే, నాలుగింటికి లేవడం గొప్పేం కాదు. రాత్రి పదకొండింటికి పడుకుని నాలుగింటికి లేస్తే, చదివింది నిలవడానికి కావలసిన నిద్రే తెగిపోతోంది. ఆరు వారాల్లో ఐదు యూనిట్లు ఇలా మూసి రాసుకుంటూ చదవడం కుదురుతుందా? అన్ని పేపర్లూ కలిపి చూస్తే కుదరదు, దాచుకోవడమెందుకు. పాత పేపర్లు తెచ్చి చూడు. యూనిట్‌కో పెద్ద ప్రశ్న ఉండి, అందులో రెండింటిలో ఒకటి రాయమని ఉంటే, ఏ యూనిట్టూ పూర్తిగా వదలకు. యూనిట్‌లో సగం భాగం లోతుగా చదివి, మిగతా సగం శీర్షికలతో సరిపెట్టుకో. అలా కాకుండా ఎంచుకోవడానికి బోలెడు వెసులుబాటు ఉంటే, మూడు యూనిట్లు గట్టిగా చేసి రెండింటిని పైపైన చూసుకోవడం మేలు. రెండో దాంట్లో పందెం ఎక్కువ. ఈ ఒక్క పేపర్ వరకూ ఇలా చెయ్, మిగతావి ఇప్పటిదాకా ఎలా గట్టెక్కాయో అలాగే కానీ. అన్నీ ఒకేసారి మార్చబోతే పదో రోజుకి పాత పద్ధతిలో పడతావు. ఈ పద్ధతి మొదట్లో చేదుగా ఉంటుందని కూడా ముందే చెబుతున్నాను. తెల్ల కాగితం ముందు ఏమీ రాక కూర్చుంటే ఏడుపొస్తుంది, పాతదే హాయిగా ఉందనిపిస్తుంది.

మర్చిపోవడం మొదటి రోజుల్లోనే ఎక్కువ. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తనమీద తాను ప్రయోగాలు చేసుకుని లెక్క తేల్చాడు. కాబట్టి ఇవాళ రాసుకున్న ప్రశ్నలు రేపు ఒకసారి, నాలుగు రోజులాగి ఒకసారి, పరీక్ష ముందు ఒకసారి జవాబు చెప్పుకో. దానికి వేరే టైము అక్కర్లేదు. పల్లెవెలుగు బస్సులో నువ్వు పుస్తకం తెరిచి చదువుతానన్నావు, ఆ కుదుపుల్లో కళ్లు పాడు తప్ప ఏమొస్తుంది. ప్రశ్నలున్న కాగితం ఒక్కటి చేతిలో పెట్టుకో. కిటికీలోంచి చూస్తూ ఒక్కోదానికి మనసులో జవాబు చెప్పుకో. దారిలో ఉండి ఊరు వచ్చేలోపు ఐదారు ప్రశ్నలవుతాయి. తట్టనివాటికి గీత పెట్టుకుని, భీమవరంలో దిగాక పుస్తకం తియ్యి.

లెక్చరర్ దగ్గరికి మళ్లీ వెళ్లు. ఈసారి 'ఎలా చదవాలండీ' అని అడక్కు, ఆ ప్రశ్నకి ఎవరైనా శ్రద్ధగా చదవమనే చెబుతారు. నువ్వు రాసుకున్న కాగితం చూపించి, 'ఇక్కడిదాకా వచ్చింది సార్, క్షారత ఎక్కువుంటే పీహెచ్ ఎందుకు అటూ ఇటూ ఊగదో అందట్లేదు' అను. అలా అడిగిన పిల్లని ఏ మాస్టారూ ఊరికే పంపరు.

బీఏ సంగతి క్లుప్తంగా. ఇంగ్లీషు అక్కడా ఉంది. పైగా చరిత్ర, రాజనీతి అంటే చదవాల్సిన పేజీలు ఇంకా ఎక్కువ, చదివే తీరు మారకపోతే ఇదే ఇబ్బంది అక్కడికీ వస్తుంది. బీఏకి మారితే ఏడాదో రెండేళ్లో పోవచ్చు, ఇంట్లో ఇప్పుడున్న గాలికి అది సంబంధం వైపే తోస్తుంది. ఆ సబ్జెక్టులంటే నిజంగా ఇష్టముండి మారతానంటే వేరే మాట. అప్పుడు కూడా ఈ పరీక్షలు రాశాకే తేల్చుకో. దేశంలో రొయ్యలు ఎక్కువ పండించేది మన రాష్ట్రమే, నువ్వున్నది ఆ పని నడిబొడ్డున. ఆ లెక్క కూడా వేసుకుని నిర్ణయం తీసుకో.

చివరిగా నాన్న. ఆయన మాట నువ్వు చాటుగా విన్నావు. నీకు ఇంటర్నల్‌లో ఎందుకు తక్కువొచ్చిందో నువ్వు ఆయనకి చెప్పావా? ఉత్తరంలో ఎక్కడా లేదు. పరీక్షలయ్యేదాకా నోరెత్తకుండా ఉండి, మార్కులతోనే జవాబు చెప్పొచ్చు. ఈలోపు మేనమామ మాట ముందుకెళ్లే ప్రమాదం ఉంది, నీకు తెలియకుండానే మాటిచ్చుకుంటే వెనక్కి తియ్యడం కష్టం. ఇప్పుడే చెబితే రెండు మాటలు పడతావు, కానీ ఆరు వారాల గడువు అడిగే వీలుంటుంది. చెప్పడమే మంచిదని నాకనిపిస్తోంది. అమ్మని పక్కన పెట్టుకుని, పంట నష్టం గుర్తొచ్చే సాయంత్రం వేళ కాకుండా, మేత వేసి వచ్చి టీ తాగుతున్నప్పుడు చెప్పు. ఇరవైకి ఆరు వచ్చిన పేపరే చూపించు. ఎక్కడ తప్పు చదువుతున్నావో, ఇప్పుడేం మారుస్తున్నావో చెప్పు. సంబంధం మాట పరీక్షలయ్యేదాకా కదపొద్దని అడుగు.

ఆయన ఒప్పుకుంటే ఇంకొకటి కూడా అడగొచ్చు. రోజూ ఓ పావుగంట గట్టు మీద కూర్చుని నీ పాఠం ఆయనకి తెలుగులో చెప్పు. నీళ్లు ఆయనకి పుస్తకంకన్నా బాగా తెలుసు కాబట్టి నువ్వు దాటేసిన చోటల్లా 'మరి ఇదెందుకు?' అని నిలదీస్తారు. కొన్ని చోట్ల పుస్తకం తప్పంటారు. వాదనకి దిగకు, ఆ ప్రశ్న రాసుకుని మీ లెక్చరర్ దగ్గరికి పట్టుకెళ్లు. పాఠాలు చెప్పించుకునే ఓపిక ఆయనకి లేదంటే వదిలెయ్, సాయంత్రం రెండు గంటలు ఇంటి పని, చెరువు పని లేకుండా చూడమను చాలు. అదీ కుదరదంటే, ఏ పూట కుదురుతుందో ఆయన్నే చెప్పమను.